వెనక అట్ట వైపు నుంచి

కొత్త పుస్తకం కొందామంటే కొట్టు లేదు.
కొట్టు కప్పు మీది రేకు
రెండు తోటల అవతల, జీడిచెట్టు మొదట్లో
పిండి పారేసిన గుడ్డలా మెలిపడి ఉంది.
అందుకని పోయినేటి వినాయకుడి చందా పుస్తకాన్నే
తిరగేసి పట్టుకుని
వెనక అట్ట వైపు నుంచి మొదలుపెట్టాను.
తేదీకి బదులు, గాలి వెళ్ళిన మూడో రోజు అని రాశాను.
ఆ వారం మందస చుట్టుపక్కల
ఎవర్నడిగినా అదే తేదీ చెప్పేవారు.

ముందు పేజీల్లో నా చేతిరాతే:
తామాడ గున్నమ్మ, నూట పదహారు.
బమ్మిడి జోగారావు, వెయ్యి, బాకీ.
మడ్డు లోకనాథం, రెండువేల పదహారు, లడ్డూ వేలం వేరే.
వెనక పేజీల్లో మళ్ళీ వాళ్ళే:
గున్నమ్మ, పాక పూర్తిగా.
జోగారావు, మోటారు షెడ్డు, కొబ్బరి అరవై ఒకటి.
లోకనాథం, పెంకులు సగం, పనసచెట్టు, చూలు ఆవు.
ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను.
ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ మధ్య
స్కేలు పెట్టి గీసే గీత
ఎక్కడ గియ్యాలో తోచకపోవడం ఇదే మొదలు.

పలాస నుంచి ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు.
ఆటో వెళ్ళినంత మేర ఆటో,
తర్వాత పడిన చెట్ల మీదుగా నడక.
జీడిపిక్కలు కొట్టే పని. రెండు రోజుల కూలి
జేబురుమాలులో ముడి.
జీడి తిని నల్లబడ్డ వేళ్ళు;
రేషను మిషను ఏ నెలా వాళ్ళని ఒక్కసారికి పోల్చుకోదు.
పేర్లు చెప్పమంటే నవ్వారు.
"ఏడుగురని రాసీ బావూ, సాల్దేటి?"
చాలదన్నాను.
ఆ పేజీకి ఇప్పటికీ నూనె మరక.

ఐదో రోజు, కల్వర్టు మీద
ఒక్క గీత సిగ్నలు లేచింది.
ట్రాక్టరు బ్యాటరీకి తగిలించిన ఫోను
పూనకం వచ్చినట్టు మోగింది.
పారాదీపు రేవులో కుర్రాళ్ళు, మూడొందలు, ఐదొందలు.
చెన్నైలో సెంట్రింగు పనివాడు, నూటొకటి,
కింద ఒక ముక్క: మా అమ్మ బతికుందా.
లెక్క ఆపి వెతకడానికి వెళ్ళాను.
ఉంది.
స్కూలు వరండాలో, పక్కింటివాళ్ళ కోళ్ళకి కాపలా.

గున్నమ్మకి చదువు రాదు.
అయినా తన పేరు ఏ పక్కనుందో కనిపెట్టింది.
"పుచ్చుకున్నోల్లలో రాసినావేటి? ఇచ్చినోల్లలో రాయి.
సెట్టు పడిపోతే కాయ సెడిపోద్దేటి?"
పడిన చెట్ల బొండాలు
రంపాలు పట్టిన కుర్రాళ్ళకి తనే కొట్టి ఇచ్చింది.
రాశాను. బొండాలు, నలభై.
రూపాయల గడి ఖాళీగా వదిలేశాను.

పంపకాల రాత్రి
అరవై ఒక్క వేల మూడొందల నలభై అని చదవగానే
లోకనాథం లేచాడు.
"ఒడ్డు మీది వాడకెందుకియ్యాలి?
పండక్కి ఒక్క రూపాయి ఇచ్చినారా ఆల్లు?"
ఎవరూ మాట్లాడలేదు.
పుస్తకం ముందు వైపుకి తిప్పాను.
పేజీ పేజీ చూశాను. నిజమే, ఒక్క పేరూ లేదు.
వీధుల పేర్లు పైకి చదివాను.
వాళ్ళ వీధి పేరే లేదు.
వాళ్ళు ఇవ్వకపోవడం కాదు,
చందా పళ్ళెం పట్టుకుని
మనం ఆ ఇసకలోకి దిగనే లేదు.
లోకనాథం కూర్చున్నాడు.
ఒప్పుకున్నాడని చెప్పలేను.
చూలు ఆవు పోయినవాడు, అతన్ని నేనేమీ అనను.

పుస్తకం నడిమధ్య, పిన్నుల దగ్గర,
అటు రాతా ఇటు రాతా అందని చోట
నాలుగు పేజీలు మిగిలాయి.
గనగళ్ళ ఎర్రయ్య, తెప్ప, రెండు వలలు.
చింతపల్లి పోలమ్మ, అన్నీ.
గుంట పేరు అడగడం మరిచాను, పుస్తకాల సంచి.

లైటార్పి వెళ్ళబోతుంటే
జోగారావు చీకట్లో ఆపి
మూడొందలు చేతిలో పెట్టాడు.
"పాత బాకీ. దేవుడికి కాదు, దీన్లో ఏసీ.
మిగతాది ఉంచు, తెస్తాను."
అక్కడే నిలబడి రాశాను.
చెమ్మ కాగితం, పెన్ను సరిగా పడలేదు.
రెండుసార్లు దిద్దాను.