పదకొండో నెంబరు మంచం

విజయనగరం పెద్దాసుపత్రి, ఆడవాళ్ల వార్డు.
జ్వరం మూడో రోజున
మా మామ్మ గాసమ్మ తెలుగు వదిలేసింది,
సంత నుంచి వచ్చి
గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు.
డెబ్బయ్యేళ్లు తొడిగిన చెప్పులు:
రేషన్ షాపుకి, కరణం దగ్గరికి, మా బడికి.
లోపల ఉన్నది గడబ మాట.

డాక్టరమ్మ అడుగుతుంది, ఎక్కడ నొప్పి?
మామ్మ చెబుతుంది. చాలాసేపు చెబుతుంది.
మధ్యలో చెయ్యెత్తి కిటికీ చూపిస్తుంది.
"ఏమంటోందమ్మా?"
నేను ఆవిడ కొడుకు కూతుర్ని.
నాకొచ్చినవి మూడు మాటలు:
ఉప్పు, రా, ఇంకోటి తిట్టు.
ఆ మూడూ ఆవిడ అనడం లేదు.

కేసు షీటు మీద ఇంగ్లీషులో ఏదో రాశారు.
అడిగితే నర్సు చెప్పింది,
'పొంతన లేని మాటలు' అని.

మెంటాడ దాటాక, కొండ కింద, సుక్రన్న తాత ఉన్నాడు.
ఒక జీడిమామిడి చెట్టు గొడవ,
ఇరవై రెండేళ్లు.
మా వైపు ఆ మాట మిగిలింది ఇద్దరికి.
ఆ ఇద్దరికీ మాటల్లేవు.

ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి
మామ్మ నోటి దగ్గర ఉంచాను.
ఆవిడ చెప్పింది.
అవతల చప్పుడు లేదు. కోడి కూసింది.
తర్వాత నవ్వు, దగ్గు, మళ్లీ నవ్వు.
"నొప్పి కాదే గుంటా. మేకలు ఇంకా కొండ దిగనేదట,
పేరుపేరునా పిలస్తంది.
మచ్చల్దాన్ని నా దొడ్లో కట్టీసినానని తిడతంది.
నిజమేలే, అప్పట్లో కట్టీసినాను."

డాక్టరమ్మతో అన్నాను,
నొప్పి లేదండీ, ఒక మేక రాలేదండీ.
ఆవిడ రాసుకోలేదు.

ఆ రాత్రి చార్జింగు అయిపోయేదాకా
వాళ్లు తగువు తీర్చుకున్నారో, పెంచుకున్నారో
మధ్యలో కూర్చున్న నాకు తెలీదు.
ఒకసారి నా పేరు వినిపించింది.
దానికి అటూ ఇటూ ఏముందో.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాడు.
ముందు తెలుగే: తిన్నావా, షాపుకెళ్లాలా.
ఆ తర్వాత ఆయనా చెప్పులు విడుస్తాడు.
రికార్డు చేస్తాను. ముప్ఫై ఒక్క ఫైళ్లు.
వాటికి తేదీలే పేర్లు,
వేరే పేరు పెట్టాలంటే
ఏం చెప్పాడో తెలియాలి కదా.
నేను ఊఁ కొడుతూ ఉంటాను.

మొన్న ఉన్నట్టుండి ఆగాడు.
"అక్కడ ఊఁ అనకూడదే గుంటా.
నవ్వాల."

నవ్వాను.
అదీ రికార్డయింది,
ఆలస్యంగా.