ఉన్నిజుట్టు

నాక్సోస్ దీవిలో, కొండవాలు ఊళ్ళో
మంగలి ఫ్రాంగిస్కోస్ కత్తెర ఆపాడు.
కుర్చీలో ఆరేళ్ళ యాకొవోస్.
దువ్వెన దిగదు. గొర్రెపిల్ల ఉన్ని.

"ఏదీ, చెయ్యి చూపించు."
పలుగూ పారా ఎన్నడూ పట్టని చెయ్యి
కాయలు కాసి ఉంది.
గుండెల్లో రాయి పడింది అతనికి.

ఇదే కుర్చీలో ఇదే జుట్టు
తమ్ముడికి కత్తిరించాడు ఒకప్పుడు.
ఎవరిదో పెళ్ళి. వయొలిన్ ఆగకముందే
తమ్ముడు ఆగిపోయాడు, పందొమ్మిదేళ్ళకి.
దిష్టి అన్నారు.

దిష్టి కాదట.
కణాన్ని కణానికి కుట్టిపెట్టే ప్రోటీను,
దాని రాతలో రెండక్షరాలు లేవట.
అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ
అదే తప్పు వచ్చి కలిస్తే
ముందు జుట్టుకి తెలుస్తుంది,
నడక వచ్చేవేళకి అరికాలికి, అరచేతికి.
గుండెకి ఆఖర్న.
కొట్టుకున్నకొద్దీ కుట్లు వీడి
కండ ఉన్నచోట కొవ్వు.

బయట మెట్టచేల గట్లు:
సున్నం లేదు, మట్టి లేదు,
రాయిని రాయే పట్టుకుని
ఉత్తరపుగాలికి ఓర్చుకుంటున్నాయి.

డబ్బులు తీసుకోలేదు.
చీటీ మీద గుండెడాక్టరు పేరూ, పడవ వేళా రాసి
మేనత్త కల్లిరోయి గుప్పిట్లో పెట్టాడు.
"ఈ శుక్రవారమే."

నేల మీద ఉంగరాలు.
చీపురు అందుకోవడానికి
చాలాసేపు పట్టింది.