తరుగు

పొద్దుగాల ఆరింటికి
పిల్లల వార్డులకు కాంటా వస్తది.
కింద ఒక గోళి ఊడిపోయింది, గోడకు ఆనిస్తెగాని నిలువది.
మెర్సీ సిస్టరు ముల్లును సున్న మీదికి తెచ్చి
"పదమూడో బెడ్డు, జాహ్నవి" అంటది.

నా బిడ్డ చెప్పులిడుస్తది.
గాజులు గుంజుతది, రావు.
ఉబ్బిన మణికట్టుల ఇరికి కూసున్నయి.
"గాజుల బరువు గూడ ఉన్నది సిస్టర్, అది తీసేసి రాయి"
అని తనే చెప్తది.
నాలుగేండ్ల పిల్లకు లెక్క ఎవరు నేర్పిన్రో.

పంతొమ్మిది కిలోల రెండొందలు.
నిన్న పంతొమ్మిదే.

పన్నెండేండ్ల సంది
నల్లగొండ బత్తాయి మార్కెట్ల కాంటా కాడ నిలవడ్డోణ్ణి.
కుప్ప మీద చెయ్యి పెడితే బరువు చెప్పొచ్చు.
సేటు టన్నుకు ఇంతని తరుగు కోస్తుంటె
కనగల్లు రైతు నా మొకం చూస్తడు,
నేను ముల్లు దిక్కు చూస్త.
ఆ ఒక్క మాటకు నేను తిన్న తిట్లు
ఢిల్లీ లారీకి నిండా ఎక్కుతయి.
ఇప్పుడు నాలుగింటికే లేచి
వార్డు మెట్ల మీద కూసోని
అదే మాటను దేవునికి మొక్కుతున్న.
పావుకిలో.
పావుకిలోనన్న తరుగు తియ్యి సామీ.

మొన్న తిప్పర్తిల పెండ్లికి పోతే
"ఏం పెడుతున్నరే పిల్లకు, బుగ్గలు బూరెలైనయి"
అని మురిసిన్రు మా చుట్టాలు.
స్వరూప నవ్వింది.
చెయ్యి కడుక్కొస్తనని పోయి
బంతి లేచేదాక రాలే.

మూత్రంల బలమంత పోతున్నదన్నడు డాక్టరు.
ఇది మూడోసారి తిరగవెట్టుడు.
గాజు గొట్టంల రెండు చుక్కల మందేసి
స్వరూప కిటికీ వెలుతురుకు పడుతది.
తేటగ ఉంటె మాట్లాడది.
పాలు విరిగినట్లయితె గూడ మాట్లాడది.
నోటుబుక్కుల మూడు ప్లస్సులు గీసి
పెన్ను మూత పెడుతది.

గోళీలకు ఆకలి అగ్గి లెక్క లేస్తది.
అన్నం ఉంటది, ఉప్పుండది.
నీళ్లుంటయి, గీత దాటొద్దు.
పక్క బెడ్డు మంగ్లీబాయి
దేవరకొండ దిక్కు తండా నుంచి మనుమణ్ణి తెచ్చింది.
మా పిల్ల చూపు తొక్కు డబ్బ మీద పడ్డదని
ఆనాటి సంది రొట్టె వరండాలకు పట్టుకపోయి తింటున్నది.
ఎందుకవ్వా అంటె
"ఎండకు కూసుందామని" అన్నది.
బయట ముసురు.

రాత్రి మార్కెట్ల బస్తాలెత్తి
అట్లనే దవాఖానకొచ్చిన, స్నానం లేదు.
బిడ్డ చంకెక్కి మెడల మొకం పెట్టింది.
నిద్రవోయిందనుకున్న.
మెల్లగ నాలుక తగిలింది.
ఇంకోసారి.
"నాయినా, నువ్వు ఉప్పగున్నవ్."

దించాలె.
చెమటల గూడ ఉప్పే గదా, దించాలె.
దవాఖాన చీటిల మెడ సంగతి రాయలే
అని నాకు నేనే చెప్పుకొని
పది లెక్కవెట్టేదాక ఆగిన.
ఎనిమిది కాడ మల్ల ఒకటి నుంచి మొదలువెట్టిన.
స్వరూపకు ఇప్పటిదాక చెప్పలే.

తొమ్మిదో పొద్దు.
కాంటా గోడకు ఆనింది. ముల్లు ఊగింది.
నేను ముల్లును చూడలే,
కనగల్లు రైతు నన్ను చూసినట్లు
మెర్సీ సిస్టరు మొకం చూసిన.
"పద్దెనిమిది ఏడొందలు" అన్నదామె,
ఇంకోసారి చదివి "ఆఁ, ఏడొందలే" అన్నది.

బిడ్డ దిగి చెయ్యి కిందికి వేలాడేసింది.
గాజులు వాటంతటవే
మణికట్టు దాటి వేళ్లకాడికొచ్చి ఆగినయి.
సప్పుడు విని దానికే నవ్వొచ్చింది.

"నా అరకిలో యాడికి పోయింది నాయినా?"
"సేటు తీస్కుండు."
"ఏ సేటు?"
"మా మార్కెట్ సేటు. తరుగు కింద."
మంచమెక్కి కాళ్లూపుకుంట జరసేపు ఆలోచించింది.
"మల్ల తెచ్చిస్తడా?"

పన్నెండేండ్లల మొదటిసారి
ఆ మనిషి పేరు తియ్యగ పలికిన:
"ఇయ్యడు బిడ్డా.
తీస్కున్నది ఎన్నడు తిరిగియ్యడు వాడు."