పది నిమిషాల తడి

కుతైసీ ఆసుపత్రిలో రాత్రి రెండు.
చివరి కడుపు కుట్టేసి అందరూ వెళ్ళారు.
నజిబ్రోలా పెద్ద దీపంతో మొదలుపెడుతుంది,
పైనుంచి కిందికి,
శుభ్రం నుంచి మురికి వైపు.
ఎనిమిది ముఖాలుగా మడిచిన గుడ్డ,
వాడిన ముఖం మళ్ళీ బల్లను చూడదు.

క్లోరిన్ పది నిమిషాలు తడిగా ఉండాలి.
ఆరబెట్టకూడదు, ఊదకూడదు.
అంతసేపూ గోడకు ఆనుకోకుండా నిలబడుతుంది.

పోయిన నెల తనిఖీకి వచ్చినామె
నీలిదీపం వేసి చూపింది:
బల్ల పిడి కింద, గోరంత చోట,
పెట్టిపోయిన గుర్తు మెరుస్తూనే ఉంది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆ వారం చీము పట్టిన కుట్టు ఎవరిదో
ఆమె అడగలేదు.

అప్పట్నుంచీ
ఆ పిడిని రెండుసార్లు తుడుస్తుంది,
రెండోసారి
కళ్ళు మూసుకుని.