కుడి చెవికి నిద్ర

కొత్తవాడలో నా గది కింద మగ్గం.
రాత్రంతా ల్యాబుల రక్తం సీసాలు తిప్పి తిప్పి
పొద్దుగాల ఏడింటికి వచ్చి నడుం వాలుస్తనా,
అప్పుడే ఎలుగం సాంబయ్య గుంటలకు కాళ్లు దించుతడు.
ఇగ టక్కు టక్కు.
మంచం కోడు నుంచి నా దవడ పండ్ల దాక
జంపఖానా నేస్తనే ఉంటడు.

అందుకే కొన్న.
ఆరు వేల నాలుగొందలు, పది కిస్తీలు.
అనపగింజల కంటే జరంత పెద్దగ రెండు,
డబ్బీల ఒకదాని పక్కన ఒకటి.

పెట్టుకున్న మొదటి పొద్దు
వరంగల్ మొత్తానికి ఎవరో ఫ్యూజు పీకినట్టైంది.
ఫ్యాను తిరుగుతుంది, సప్పుడు లేదు.
వెనుకింటి బోరు మోటరు గొణుగుడు లేదు.
మగ్గం మాత్రం
పత్తి బస్తాల అవతల ఎవరో తలుపు కొట్టినట్టు
ఎక్కడో, ఎవరి కోసమో.
నిజం చెప్పాలె, ఏడ్చిన.
మూడేండ్లకు ఒక్క పగలు ఆరు గంటలు పండుకున్న.

దాని గుణం తర్వాత తెలిసింది.
ఒక్క తీరుగ మోగేదాన్ని మింగుతది,
ఉన్నట్టుండి అరిచేదాన్ని మింగలేదు.
బస్సు ఇంజను పోతది,
"పోచమ్మమైదాన్, దిగాలె దిగాలె" మిగులుతది.
మిషన్ల హోరు పోతది,
సూదిని చూసిన పిలగాని కేక మిగులుతది.
రోజూ అదే గొంతుతోని మెల్లగ మాట్లాడేటోళ్లు
అందరికంటే ముందు మాయమైతరు.
మూడు నైట్ల సంది రమాదేవి సిస్టర్ అడుగుతుందట,
డ్యూటీ మార్చుకుందామా అని.
నేను తల ఊపిన్నట.
సద్దుల బతుకమ్మ నాడు ఇప్పుడు నాదే డ్యూటీ.

ఇంకా ఉన్నయి.
ఎండాకాలం చెవుల్ల చెమట, దురద.
సకినం కొరికితే తలకాయల గోడ కూలుతది.
ఛార్జింగ్ అయిపోయిందని ఒక పిల్ల ఇంగ్లీషుల చెప్పి పోతది,
ఆ వెంటనే లోకమంత ఒక్కసారే మీద పడతది,
సంతలో గంప బోర్లించినట్టు.

ఒకనాడు సాంబయ్య చెవులకు పెట్టిన.
మురిసిండు. నాడె విసిరిండు. నాలుగు వరసలు నేసిండు.
ఆగిండు.
"పోగు తెగితే నాకు కన్ను చెప్పది బిడ్డా,
చెవే చెప్తది" అని
చెల్లని నోటు లెక్క నా చేతిల పెట్టిండు.

అనసూర్యమ్మ మాత్రం పక్కకు పిలిచింది:
"గీయిన గురకకు పనిచేస్తదా?"
ఒక్క తీరుగ వస్తదా, ఆగి ఆగి వస్తదా అని అడిగిన,
డాక్టరమ్మ లెక్క.
చాట పక్కన పెట్టి చానాసేపు ఆలోచించింది.
"ఏమో. వస్తున్నంతసేపు నాకు నిద్ర పడతది.
ఆగితేనే మెలకువైతది" అన్నది.
మళ్ల ఆ ముచ్చట ఎత్తలే.

పోయిన నెల ములుగు రోడ్డు కాడ
ఆటో దిగంగ ఎడమది జారింది.
ఒక్క గంతు. మోరీల పడ్డది.
ఆటో ఆయన కూడ వంగి చూసిండు,
"బంగారందా అక్కా?"
కాదన్న. మరి ఎందుకంత బాధ అన్నట్టు చూసిండు.

ఇప్పుడు కుడి చెవికి నిద్ర,
ఎడమ చెవికి మగ్గం.
ఎడమ దిక్కు ఒరిగితే దిండు కాపాడుతది,
దిండుకు ఛార్జింగ్ అక్కర్లే.
కిస్తీలు మాత్రం ఇంకా నాలుగు,
రెండు చెవులకూ కట్టాలె.

నిన్న పగటీలి సగం నిద్రల
టక్కు ఆగింది.
కండ్లు తెరిచిన.
పోగు తెగిందో, చాయ్ తాగుతుండో,
నడుం పట్టిందో.
కుడి చెవిలదాన్ని కూడ తీసి పిడికిట్ల పట్టుకున్న.
మళ్ల టక్కుమనేదాక
దిండుకు బెత్తెడు పైన
తల ఎత్తే ఉంచిన.