నాలుగు తట్లు

చలి మైనస్ పది దాటిందంటే చాలు,
మా కారులో కీచురాయి నిద్రలేస్తుంది.
డాష్‌బోర్డే అంటాడు ఊర్మస్.
కాదు వెనకెక్కడో, అంటాను.
ఈమాత్రానికే మూడు రోజులు మాటల్లేవు.

ఆదివారం తార్తులో, రాళ్లు పరిచిన వీధిలో,
నన్ను డిక్కీలో ముడుచుకోమని బండి తీశాడు.
చేతిలో టార్చి, పళ్ల మధ్య ఫెల్టు ముక్క.
ఒక తట్టు: ఎడమ పక్క. రెండు: కుడి.
మూడు తడితే, ఆపు మహానుభావా, చాలు.

స్టెప్నీ కింద దొరికింది
నిరుడు సెప్టెంబరులో అడవిలో ఏరిన హేజెల్ కాయ,
లోపల పప్పు ఎండి గలగల.
జేబులో వేసుకున్నాను.
అయినా ముందెక్కడో కిర్రు, కిర్రు.
ఇద్దరి మాటా నిజమే, ఖర్మ.

నాలుగుసార్లు తట్టాను.
నాలుగుకి మేం అర్థమేమీ అనుకోలేదు.
కాసేపటికి స్టీరింగు మీంచి
టక్, టక్, టక్.
నాలుగోది గతుకు మింగేసింది.