బద్ద కింద వెలుతురు

ఆఖరి విమానం లేచిపోయాక రన్‌వే మాది,
తెల్లారగట్ల నాలుగున్నర దాకా.
గేటు దగ్గర జేబులు దులిపి చూపించాలి.
ఒక్క మేకు జారిపడినా ఇంజను మింగేస్తుంది.
మూడు మీటర్ల అల్యూమినియం బద్ద ఒక కొస నా భుజాన,
ఒక కొస గెడ్డం ఏసుపాదం భుజాన.

బద్ద పరుస్తాం.
అతను టార్చి వెలిగించి అటు బోర్లా పడుకుంటాడు,
నేను ఇటు తారుకి చెంప ఆనిస్తాను.
పగలు తాగిన ఎండ ఇంకా వెచ్చగా ఉంటుంది.
బద్ద కింద నుంచి వెలుతురు కారకపోతే సరే.
కారితే ఉక్కు చీల దూర్చాలి, ఆగినచోట అంకె చదవాలి.
మూడు మిల్లీమీటర్లయితే పాసు,
వడ్లగింజ అడ్డంగా పడుకున్నంత.
నాలుగయితే సుద్దతో సున్నా.

పదకొండు రాత్రులు, ఆరొందల చోట్లు.
సుద్దముక్క అరగలేదు.

పైలట్లు మాత్రం రాస్తూనే ఉన్నారు.
"దిగాక, రెండో మలుపు ముందు, ముక్కు ఊగింది.
ఒకసారి కాదు, రెండుసార్లు.
ఎదురుగా ఉన్న అంకెలు చదవలేకపోయాను."
ఎవరో గానీ దస్తూరీ ముత్యాల్లా ఉంది.

వరదాచార్యులు గారు నా కాగితాలూ ఆ కాగితాలూ
పక్కపక్కన పెట్టుకుని
"ఇందులో ఒకటి అబద్ధం" అన్నారు.

రెండూ నిజమే.
సైకిలుకి గులకరాయి తెలుస్తుంది.
గంటకి రెండొందల నలభై కిలోమీటర్ల మీద పరిగెత్తే
అరవై టన్నులకి గులకరాయి లెక్కలేదు,
నలభై మీటర్ల మేర మెల్లగా దిగి
మెల్లగా లేచే నేల తెలుస్తుంది.
ఆ పల్లంలో ఎక్కడ పరిచినా నా బద్ద తిన్నగానే ఉంటుంది,
పెద్ద కెరటం మీద చిన్న నావ తిన్నగా ఉన్నట్టు.

"బద్ద పొట్టిదండి" అన్నాడు ఏసుపాదం.
"దమ్ములో చెక్క ఎంత తోలినా నమ్మంకదా,
నీరు పెట్టి చూస్తాం.
నీరు పల్లమెరుగును. మనం రాసుకుందాం."

గౌతమి మీద నుంచి వాన రావడానికి నాలుగు రోజులు పట్టింది.
వెలిసాక రాత్రి రెండింటికి వెళ్ళాం.
రన్‌వే అంతా ఆరింది,
ఒక్కచోట తడి పలచటి పొరై నిలిచిపోయింది.
అక్కడ అంచు దీపాలు రెండేసి కనిపిస్తున్నాయి.

అర మీటరుకొక చోట మట్టం చూశాను.
నలభై రెండు మీటర్ల పొడవున
ముప్పై ఒక్క మిల్లీమీటర్ల లోతు.
అటూ ఇటూ నల్లరేగడి వానకి ఉబ్బింది,
మధ్యలో పూడ్చిన గ్రావెలు ఉబ్బలేదు.

ఏసుపాదం తూర్పున పంపుసెట్టు కేసి చూశాడు,
పడమట కొబ్బరి వరస కేసి చూశాడు,
ఆ రెండిటికీ మధ్య చేత్తో గాలిలో గీత గీశాడు.
"చిట్టెమ్మ బోదె అండి ఇది. ఇదిగో, ఇక్కడ తూము.
నాట్లకి కూలికొచ్చేవాణ్ణి.
నారు కట్టలు మొయ్యకుండా దీంట్లోనే తేలేసి తోసేవాళ్ళం."
"చిట్టెమ్మ ఎవరు?"
"ఏమోనండి. నేను పుట్టేటప్పటికే బోదె."

నివేదికలో పొడవుకి ఒక గడి, లోతుకి ఒక గడి.
కారణం దగ్గర
"పాత పూడికకీ పక్క నేలకీ ఉబ్బులో తేడా" అని రాశాను.
ఏసుపాదం భుజం మీంచి తొంగి చూసి
"పేరు రాయలేదేంటండి" అన్నాడు.
పేరుకి గడి లేదు.

మూడు రాత్రులు గీకి, పోసి, రోలరు తోలాం.
నాలుగో తెల్లవారి కంచె బయట టీ బండి దగ్గర నిలబడ్డాం.
మొదటి విమానం దిగింది, మలుపు దాకా పరిగెత్తింది,
తిరిగింది.
ఎవరూ ఏమీ రాయలేదు. మా పనికి అదే మెప్పు.

చక్రాలు ఆ చోటు దాటుతుంటే
ఏసుపాదం టీ గ్లాసు కాస్త ఎత్తి పట్టుకుని
కాళ్ళు ఎడంగా పెట్టాడు,
బోదె దాటేవాడిలా.